వరి కొయ్యలు కాల్చిన పొగకు నాన్నకు ఆయాసం. కాల్చకుండా యాసంగి నాటేదెట్లా?

ఎడమకాల్వ

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమకాల్వ కింద నాలుగెకరాలు, ఏడాదికి రెండు పంటలూ వరే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తా, కోతలకూ నాట్లకూ ఊరికి పోతా.

పోయిన వారం మిషన్ పెట్టి కోయించాం. వడ్లు ఆరబోసిన రెండో రోజు సాయంత్రం చుట్టుపక్కల మళ్ళన్నిటికీ నిప్పు పెట్టారు, మేమూ పెట్టాం. మంట మోటారు స్టార్టర్ డబ్బా వైపు పోతుంటే నాన్న ముఖానికి తడి తువ్వాల చుట్టుకొని, తాటి మట్టతో కొట్టి ఆర్పిండు. ఆ రాత్రి పడుకోలేకపోయిండు. మంచం మీద కూర్చొని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి ఊపిరి లాగుతనే ఉన్నడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేసిండు, తగ్గలేదు. తెల్లారి పట్నం దవాఖానకు తీసుకపోతే నెబులైజర్ పెట్టారు. ఇదివరకే ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటాయి, పొగ దాన్ని లేపింది అన్నారు.

కాల్చింది పక్కోళ్ళు కాదు, మేమే. అందుకే ఎవరినీ తిట్టడానికి పెట్టలేదు ఈ పోస్టు. ఎకరంన్నర కాలిపోయింది, ఇంకా రెండున్నర ఎకరాల కొయ్యలు, గడ్డి అట్లనే ఉన్నయి. తుకం (నారు) పోసి వారమైంది. నాటుకు గట్టిగా ఇరవై రోజులు. నాన్నేమో అదీ కాల్చేయ్ అంటున్నడు, దవాఖాన మంచం మీంచి! ఏం చెయ్యాలి?

సిటీ కిటికీ

అగ్గిపెట్టె కొనకండి. సమస్య తీరిపోతుంది.

హార్వెస్టర్ మామ

కిటికీ సారూ, మీ అసొంటోళ్ళు మాట్లాడుతరనే మావోళ్ళు ఇసుంటి జాగలల్ల నోరు ఇప్పరు.

తమ్మీ, నేను పదకొండేండ్ల సంది మిషన్ నడుపుతున్న. అసలు కత ఏడున్నదో చెప్త ఇను. మిషన్‌కు కిరాయి గంట లెక్క. రైతుకేమో గంటలు తక్కువ కావాలె, నాకేమో డీజిల్ తక్కువ కాలాలె. అందుకని కట్టర్ బార్‌ను జానెడు పైకి లేపి కోస్త. కింద మోకాలు కాడికి కొయ్య మిగుల్తది, ఎనక నుంచి గడ్డి వరుస వడ్తది. కిందికి కొయ్యమంటే కోస్త, గాని ఎకరానికి గంట పట్టేది గంటంబావు అయితది. ఆ పావు గంట పైసలు ఎవలియ్యాలె? మడి తడిగుంటే ఇంకా ఆగం. టైర్ల మిషన్ దిగవడ్తది, చైన్ మిషన్ దెస్తరు. చైను తొక్కినకాడ గడ్డంత బురదల కూరుకపోతది, గడ్డి ఏరి కట్టలు గట్టే మిషన్‌కు అందదు. ఇగ అది ఎండినంక రైతుకు కండ్లవడేది అగ్గే.

కోతకు పది పన్నెండు దినాల ముందుగాల నీళ్ళు తీసేసి మడి గట్టివడనిస్తే సగం లొల్లి ఉండది. గని కాల్వ నీళ్ళు, పై మడి నుంచి కింది మడికి వస్తయి. నీ ఒక్కని చేతిల లేదది.

ఊపిరితిత్తుల డాక్టర్

ఎడమకాల్వ గారూ, నాన్నగారి వయసెంత? బీడీ అలవాటుందా? ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా? స్పైరోమెట్రీ అని ఊది చూపించే పరీక్ష ఉంటుంది, అది చేశారా?

ఎడమకాల్వ

63 సార్. బీడీ మానేసి పదేళ్ళయింది, అంతకుముందు బాగానే తాగేవాడు. వంటకు గ్యాసే. స్నానాల నీళ్ళకు మాత్రం వాకిట్లో పొయ్యి, రోజూ పొద్దున నాన్నే రాజేస్తడు. ఊదే పరీక్ష తగ్గినంక చేస్తామన్నారు.

ఊపిరితిత్తుల డాక్టర్

అయితే ఆయన ఊపిరితిత్తులు మూడు పొగలు చూశాయి. బీడీ పొగ మానేశారు, మంచిది. పొయ్యి పొగ రోజూ కొంచెం కొంచెంగా పోతోంది. కొయ్యల పొగ ఏడాదికి రెండుసార్లే, కానీ ఒక్కసారిగా విపరీతంగా పోతుంది. నా దగ్గరకు నవంబరు నెలాఖరులో, మళ్ళీ ఏప్రిల్‌లో పల్లెల నుంచి వచ్చే ఆయాసం కేసుల్లో సగానికి సగం ఇదే కథ చెబుతాయి. ఇది నా ఓపీ అనుభవమే, పరిశోధన చేసి చెబుతున్న లెక్క కాదు.

తడి తువ్వాల గురించి ఒక మాట. పెద్ద మసిని అది ఆపుతుంది, అందుకే ఆపేస్తోందనిపిస్తుంది. హాని చేసేది కంటికి కనపడని నలుసు. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కు వెంట్రుకలు దాన్ని పట్టలేవు, గొంతు పట్టలేదు. ఊపిరితిత్తుల చివర గాలి సంచుల దాకా పోతుంది, అందులో అతి సన్ననివి రక్తంలోకీ దిగుతాయి. అందుకే పొగ పీల్చినవాళ్ళకు దగ్గే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది. బయటి గాలి కాలుష్యాన్ని 2013లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు, పొగాకు ఉన్న వర్గమే అది. 2019లో ప్రపంచం మొత్తం మీద బయటి గాలి కాలుష్యం వల్ల ముందే పోయిన ప్రాణాలు 42 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంట్లో పొయ్యి పొగ కూడా కలిపితే 67 లక్షలు.

ఇంకోటి. భగ్గున మండే ఎండు గడ్డి కంటే మంట లేకుండా రాజుకుంటూ పొగలే వచ్చే తడి గడ్డి ఎక్కువ చెడ్డది. సగం కాలిన పదార్థమంతా గాల్లోనే ఉంటుంది. సాయంత్రం మంచు పడే వేళ నిప్పు పెడితే ఆ పొగ పైకి లేవదు. నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. తెల్లారేదాకా ఊరంతా దాని కిందే పడుకుంటుంది.

నీళ్ళ పొయ్యి నాన్నగారి చేత రాజేయించకండి. ఎప్పుడైనా పొగలోకి వెళ్ళక తప్పకపోతే ఎన్95 మాస్క్. అసలు వెళ్ళనివ్వకపోవడం మేలు.

ద్వారక సెక్టార్ తెలుగు

ఢిల్లీ నుంచి. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. మా పిల్లలకు దసరా సెలవుల తర్వాత ఇంకో సెలవులు ఉంటాయి, పొగ సెలవులు. 2024 నవంబరు 18న ఇక్కడి ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, 490 దాటింది. ఆ లెక్క 500తో ఆగిపోతుంది, అంటే కొలబద్ద చివరికి వచ్చేశాం. బళ్ళు మూసి ఆన్‌లైన్ పాఠాలు పెట్టారు.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడివాళ్ళు అన్నిటికీ పంజాబ్ రైతునే అంటారు. గాలి అటు నుంచి వీచి, అక్కడ మంటలు బాగా ఉన్న కొన్ని రోజుల్లో ఢిల్లీ పీఎం 2.5లో మూడో వంతు దాకా ఆ పొగదే ఉంటుంది. కానీ సీజన్ మొత్తంలో చాలా రోజులు దాని వాటా కొద్ది శాతమే. డిసెంబరు, జనవరిలో పొలాల్లో మంటలుండవు, అయినా గాలి అలాగే ఉంటుంది. మరి అప్పుడెవరిది? మా వాహనాలవి, మా కట్టడాల దుమ్ముది, చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలది.

మన దగ్గరా అలా కాకముందే చూసుకోండి.

పొలంగట్టు

తెలంగాణను పంజాబ్‌తో పోల్చడం కొంతవరకే కుదురుతుంది. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

పంజాబ్‌లో భూగర్భ జలాలు అడుగంటుతున్నాయని జూన్ 10కి ముందు నాట్లు వేయొద్దని 2009లో చట్టం తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరుగుతుంది. గోధుమ నవంబరు మొదటి పక్షంలో పడాలి. మధ్యలో మిగిలింది రెండు మూడు వారాలు. అదీగాక అక్కడి పశువులకు మేత గోధుమ గడ్డి, మామూలు రకాల వరిగడ్డి వేయరు. మన దగ్గర వరిగడ్డే ప్రధానమైన మేత. ఇంటి వెనక గడ్డివాము ఎంత ఎత్తుంటే ఆ రైతు అంత గట్టివాడు అనుకున్న రోజులు నాకు గుర్తే. ఆ వాము ఎందుకు పోయిందో చూడండి. ఎద్దులు పోయాయి, కూలీలు దొరకడం లేదు, కొడవలి కోత పోయింది. చేత్తో కోసి, కట్టలు కట్టి, కుప్ప నూర్చినప్పుడు గడ్డి పంటలో భాగం. మిషన్ వచ్చాక గడ్డి చెత్త అయింది.

ఇప్పుడు లెక్క. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం ఉంటాయి. ఆ టన్ను కాలిస్తే దాదాపు 3 కిలోల నలుసు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు గాల్లో కలుస్తాయి. ఎకరానికి రెండు టన్నుల గడ్డి వేసుకోండి. నాలుగెకరాలకు 24 కిలోల నలుసు. కిలోల్లో చెబితే చిన్నగానే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం డాక్టర్ గారు చెప్పిన సన్న నలుసే, ఘనపు మీటరు గాలిలో అది రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. 24 కిలోలంటే రెండువేల నాలుగు వందల కోట్ల మైక్రోగ్రాములు.

పాత మడి

పొలంగట్టు సార్, లెక్కలు బాగున్నయి. కానీ బూడిద కూడా ఎరువే గదా? మా తాత ముత్తాతలు కాల్చిన బూడిదనే మళ్ళల్ల చల్లిండ్రు. పొటాష్ బస్తా పదిహేను వందలు దాటింది, బూడిద పొటాష్ కాదా?

ఇంకోటి. మూడేండ్ల కింద మీ అసొంటి సారే చెప్పిండని నేను గడ్డి కాల్చకుంట రోటవేటర్ కొట్టించి మట్టిల కలిపి, దమ్ము చేసి నాటిన. పదిహేను రోజులకు నారు ఎర్రవడ్డది. మడిల అడుగు వెడితే బుడగలు లేస్తున్నయి, మురిగిన గుడ్డు వాసన. వేర్లు పీకి చూస్తే నల్లగున్నయి. ఎకరానికి పది బస్తాలు తగ్గినయి. పక్క మడోడు కాల్చినోడు, వానికి సుక్క తగ్గలె. ఆ పది బస్తాలు ఎవరిస్తరు?

ఎడమకాల్వ

నాన్న కూడా ఇదే మాట అంటున్నడు. "కలియదున్నితే పొలం ఉడుకుతది" అంటడు.

పొలంగట్టు

పాత మడి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా శాఖవాళ్ళం ఆ సగం చెప్పకుండా "కాల్చవద్దు" అన్న సగమే చెప్పడం వల్లే రైతు మమ్మల్ని నమ్మడం మానేశాడు.

ముందు బూడిద సంగతి. గడ్డిలోని పొటాష్‌లో కాలిస్తే పోయేది ఐదో వంతే, మిగతాది బూడిదలోనే ఉంటుంది. కాబట్టి మీ తాతగారి మాట తప్పు కాదు. కానీ నత్రజని నూటికి 80 పాళ్ళు పోతుంది, గంధకం సగం పోతుంది, భాస్వరం పాతిక పాళ్ళు పోతుంది. కర్బనం మొత్తం పోతుంది, అన్నిటికంటే పెద్ద నష్టం అదే. మన నేలల్లో కర్బనం అసలే తక్కువ. పై మట్టిలో వానపాములు, సూక్ష్మజీవులు మాడిపోతాయి.

ఇక నారు ఎర్రబడడం. నీళ్ళు నిలిచిన మడిలో పచ్చి గడ్డి గాలి లేకుండా కుళ్ళితే సల్ఫైడ్ పుడుతుంది. మీకొచ్చిన గుడ్డు వాసన అదే. వేరు ఊపిరాడక నల్లబడుతుంది. గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త నత్రజనినీ ముందు అవే తినేస్తాయి, అందుకే మొక్క పాలిపోతుంది. తప్పు గడ్డిది కాదు, వ్యవధిది. దున్నిన వెంటనే నాటితే ఇలాగే అవుతుంది. ఎకరానికి ఒక బస్తా, అంటే 50 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు చల్లి, పల్చగా నీళ్ళు పెట్టి, రోటవేటర్‌తో కలియదున్ని రెండు వారాలు మురగనివ్వాలి. అప్పుడు దమ్ము చేసి నాటాలి. నాటాక బుడగలు కనిపిస్తే నీళ్ళు తీసేసి సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరగట్టాలి, మళ్ళీ పెట్టాలి.

మూసీ ఒడ్డు

ఒక చిన్న అడ్డు ప్రశ్న. నీళ్ళ మడిలో గడ్డి కలిపి దున్నితే మీథేన్ ఎక్కువ వస్తుంది కదా? భూమి వేడెక్కడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు చెడ్డది. ఒక పొగ ఆపి ఇంకో పొగ పుట్టిస్తున్నామా?

పొలంగట్టు

అవును, ఎక్కువ వస్తుంది. మధ్యలో ఆరగట్టడం అందుకూ పనికొస్తుంది. కానీ మీథేన్ ఈ పెద్దాయన గొంతు పట్టుకోదండి. అందుకే నా ఓటు మొదట గడ్డి బయటికి తీయడానికే, కలియదున్నడం రెండో దారి.

గోదారి గట్టు

ఆయ్, మాది తణుకు దగ్గరండి. మా వైపు సార్వా (వానాకాలం వరి) కోత తర్వాత మినుము వేసే చేలల్లో నిప్పన్న మాటే రాదండి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో తడి మీద మినుములు చల్లేస్తాం. కోసేసరికి మొలకలుంటాయి, ఇంక నిప్పెలా పెడతావండి? కానీ మిషన్ దిగితే ఆ మొలకలు చక్రాల కింద పోతాయి, అందుకని మినుము చల్లినోళ్ళు కూలోళ్ళ చేతే కోయిస్తారు. దాళ్వా (రెండో పంట వరి) వేసే చోట్ల మాత్రం మాకూ మీ కథేనండి, తిన్నగా చెప్పాలంటే. వేసంగి కోతయ్యాక కాల్చేసేవాళ్ళు బోల్డుమంది.

సిటీ కిటికీ

మొదటి పోస్టుకు క్షమించండి. కానీ ఇది నిజంగా అర్థం కాక అడుగుతున్నా. నవంబరులో టైం లేదు సరే. ఏప్రిల్‌లో యాసంగి కోశాక జూన్ చివరిదాకా పొలం ఖాళీయే కదా? అప్పుడెందుకు కాలుస్తారు?

హార్వెస్టర్ మామ

గిది మంచిగ అడిగినవ్ సారూ. ఎండకాలం కాలవెట్టేది మాత్రం సగం అలవాటే. ఎలుకలు పోతయి, కలుపు ఇత్తులు పోతయని ఒక నమ్మకం. ఎండిన గడ్డి నాగళ్ళకు సుట్టుకుంటది, ట్రాక్టరోడు రానంటడు. వాన వడేదాక గడ్డి మురగది. గాని టైం లేదు అనేటి మాట మాత్రం ఎండకాలం చెల్లది, నేను ఒప్పుకుంట.

తాటివనం బిడ్డ

ఎండాకాలం మంటల గురించే నేను చెప్పాలని చూస్తున్నా. మా నాన్న గీత పని చేస్తడు. రెండేళ్ళ కింద ఏప్రిల్‌లో ఎవరో కొయ్యలకు పెట్టిన నిప్పు గాలికి గట్టు దాటి వచ్చింది. పదకొండు తాళ్ళు మొవ్వు దాకా కాలినయి. తాడి చెట్టు పెట్టిన్నాడే కల్లు పారదు, పదిహేను ఇరవై ఏళ్ళు ఆగాలి. మా నాన్న వయసు యాభై ఆరు. ఆ గట్టు మీద కొత్తగా గింజ నాటినా ఆయన ఎక్కేది కాదు.

నిప్పు పెట్టింది ఎవరని అడిగితే ఊళ్ళో ఒక్కరూ నోరు తెరవలే. పెట్టినాయన మాకు వరుసకు మామ. మా అమ్మ ఇప్పటికీ వాళ్ళింటికి పోతది, పండక్కి వాళ్ళు మా ఇంటికి వస్తరు. తాళ్ళ మాట ఎవరూ ఎత్తరు.

కోత మడుల్లో తీతువు పిట్టలు నేల మీదే గుడ్లు పెడతయి. మంట తగ్గినంక పోతే గుడ్లు ఉడికి ఉంటయి. చిన్నప్పుడు అవి ఏరుకొచ్చేవాళ్ళం, ఇప్పుడు తలుచుకుంటే ఎట్లనో ఉంటది.

పాత మడి

బిడ్డా, నీ మాట కడుపుల వడ్డది. మా తాన డ్రిప్పు పైపులు, కరెంటు వైర్లు కాలిన లెక్క ఉన్నది. ముసలోళ్ళు మంటల చిక్కి సచ్చిన వార్తలు ఏడాదికోపారి పేపర్ల చూస్తనే ఉంటం. తాళ్ళ సంగతి మాత్రం ఎవడూ రాయడు.

మూసీ ఒడ్డు

జరిమానా వేస్తే ఆగుతుందనే వాళ్ళున్నారు. పంజాబ్, హర్యానా, ఢిల్లీ చుట్టుపక్కల జరిమానా 2024 నవంబరులో రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు 5 వేలు, ఐదెకరాల దాకా 10 వేలు, ఆపైన 30 వేలు. మన దగ్గరా పెట్టాలా?

ద్వారక సెక్టార్ తెలుగు

పెట్టి ఏం జరిగిందో చెబుతా. మంటల్ని లెక్కపెట్టే ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో తల మీదుగా పోతాయి. అవి పోయాక సాయంత్రం నిప్పు పెట్టడం నేర్చుకున్నారని వార్తలొచ్చాయి. లెక్కలో మంటలు తగ్గాయి, ఢిల్లీ గాలి మాత్రం అందుకు తగ్గట్టు తేరుకోలేదు. పైగా సాయంత్రం పెట్టిన మంట పొగ పైకి లేవదని డాక్టర్ గారు చెప్పనే చెప్పారు.

రైస్‌మిల్ రోడ్

మిర్యాలగూడ అన్నారు కాబట్టి అడుగుతున్నా, మిల్లుల ఊక బూడిద సంగతేంటి? మా ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్ల చుక్కలు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు, రైతు దొరికిండు గదా అని అందరూ ఎక్కుతారు.

ఊపిరితిత్తుల డాక్టర్

మీ కోపం న్యాయమైనదే. కాలుష్యం ప్రమాణం దాటిన దాదాపు 130 నగరాల జాబితా ఒకటుంది, 2019లో మొదలైన జాతీయ గాలి శుద్ధి కార్యక్రమం కింద. అందులో తెలంగాణ నుంచి హైదరాబాద్, సంగారెడ్డితో పాటు నల్గొండ కూడా ఉంది. అంటే మీ జిల్లా కేంద్రమే. అయితే డాబా మీద కనపడే నల్ల చుక్క పెద్ద నలుసు, ఎక్కువగా ముక్కులో, గొంతులో ఆగుతుంది. బట్ట మీద కనపడని దానికి నేను ఎక్కువ భయపడతాను. ఫోన్‌లో ఏక్యూఐ చూసి మా ఊళ్ళో బాగానే ఉంది అనేవాళ్ళు ఒకటి గమనించండి. కొలిచే యంత్రం పట్నంలో ఉంటుంది, పల్లెకు ఆ ఫోన్ చూపించేది చాలాసార్లు అంచనా మాత్రమే. మంట పక్కన నిలబడ్డ మనిషి పీల్చింది ఏ యంత్రమూ కొలవలేదు.

ఎడమకాల్వ

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. అందరికీ దండాలు.

నాన్న ఇంటికొచ్చిండు. ఊదే పరీక్ష చేశారు, సీఓపీడీ అని తేలింది, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు. పీల్చే మందు పంపులు రెండు రాశారు. నీళ్ళ పొయ్యి అమ్మ తీసేసింది, గీజర్‌కు నేను డబ్బులిచ్చా.

పొలం సంగతి. కట్టల మిషన్ కోసం నాలుగు రోజులు తిరిగిన. చుట్టుపక్కల ఐదూళ్ళకు రెండే ఉన్నయి, అందరికీ ఒకేసారి కావాలె. చివరికి రాత్రి పదింటికి వచ్చింది, లైట్లేసుకొని కట్టింది. ఎకరంన్నరలో గడ్డి లేచింది. కట్టకు నలభై తీసుకున్నడు. పక్క ఊరి పాడి రైతు ఒకాయన నా పొలం కాడికే వచ్చి కొనుక్కపోయిండు. లాభం లేదు, నష్టం లేదు. మిగతా ఎకరం చైన్ మిషన్ తొక్కిన బురద మడి, హార్వెస్టర్ మామ చెప్పినట్టే కట్టలకు అందలేదు. దాన్ని కలియదున్నాలె.

నాన్న నిన్న గట్టు మీదికి వచ్చి చూసిండు. ఏమీ అనలేదు. ఆ ఎకరం వైపు చూసి "గిది మాత్రం ఉడుకుతది సూడు" అన్నడు.

పొలంగట్టు సార్, ఒక్కటే డౌటు. ఫాస్ఫేట్ ముందు చల్లాల్నా, నీళ్ళు ముందు పెట్టాల్నా? నాటుకు ఇంకా ఎనిమిది రోజులే ఉన్నయి.

పొలంగట్టు

ముందు చల్లండి. నీళ్ళు పల్చగా, కొయ్య మునిగీ మునగనట్టు. రేపే రోటవేటర్ కొట్టించండి. ఎనిమిది రోజులు చాలవు. ఆ ఎకరం నాటు ఒక వారం వెనక్కి జరపండి. నారు కాస్త ముదిరితే కుదురుకు నాలుగు ఐదు మొక్కలు, దగ్గర దగ్గరగా పెట్టమని నాటేవాళ్ళకు చెప్పండి.

పాత మడి

బుడగలు లేస్తే ఫోటో పెట్టు తమ్మీ. నేనూ ఈసారి అరెకరంల చేసి సూస్త. అరెకరమే.